సగం ఫారిన్

శ్రీలంక మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఎవరికి ఇచ్చుకోవాలో తెలియక ఇక్కడ పెట్టుకుంటున్నాను. అక్కడి పర్యాటక శాఖకు రాద్దామంటే వాళ్లు నాకు చేసిన అన్యాయం ఏమీ లేదు. పోయినచోటల్లా రెండు చేతులూ జోడించి 'ఆయుబోవన్' అన్నారు, అంతే. పోలీసులకు చెబుదామంటే నా వస్తువేదీ పోలేదు. పోయింది పరువు. దానికి ఏ సెక్షన్ పడుతుందో నాకు తెలిసిన హోసూరు లాయరు కూడా చెప్పలేకపోయాడు.

సంగతి ఇది. సొంత డబ్బు పెట్టి, పాస్‌పోర్టు తీసి, సముద్రం దాటి ఫారిన్ పోయాను. ఆ ఫారిన్ ఫారిన్‌గా ఉండడానికి ఒప్పుకోలేదు.

మా వీధి పరిస్థితి ముందు మీకు తెలియాలి. హోసూరు ఇప్పుడు మునుపటి హోసూరు కాదు. ఇక్కడి గులాబీలే విమానమెక్కి సింగపూరు, మలేసియా చూసొస్తున్నాయి. పూలు పోయాయి, పిల్లలు పోయారు, పిల్లల్ని చూడడానికి పెద్దలు పోయారు. చివరికి మా వీధిలో ఫారిన్ చూడనివాళ్లం మేమూ, ఇస్త్రీ బండాయనా మిగిలాం. ఆయన్ను చూసుకునే నేను ధైర్యంగా ఉండేవాణ్ని. కొడుకు దుబాయిలో కుదురుకొని టికెట్ పంపగానే ఆయనా పోయొచ్చాడు. ఆ రోజు మా ఆవిడ ఇస్త్రీ బట్టలు తెచ్చి మంచమ్మీద పడేసిన చప్పుడుకే, ఇంక తప్పదని తేలిపోయింది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి, "శ్రీలంక పోయి రండి నాయనా. దగ్గర, చవక, చూడను బాగుంటుంది" అంది. దగ్గర, చవక అన్నదాకా విన్నాను. మూడో మాట నాకు అక్కర్లేకపోయింది.

దగ్గర అన్నమాట నిజమే, విమానం ఎక్కినాక. ఎక్కేదాకా ఉంది అసలు ప్రయాణం. హోసూరు నుంచి దేవనహళ్లి విమానాశ్రయం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. జూజువాడి దాటాలి, అత్తిబెలె దాటాలి, సిల్క్ బోర్డు దగ్గర మనిషి తన జీవితాన్ని మొదటినుంచీ నెమరేసుకోవాలి. అక్కణ్నించి కొలంబో గంటన్నర లోపే. అంటే నా విదేశయానంలో పెద్ద భాగం కర్ణాటకలోనే జరిగింది. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి అసెంబ్లీలో హోసూరుకు రెండు వేల ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం అని ప్రకటించినప్పుడు మా వీధిలో టపాసులు పేల్చినంత పనిచేశారు. బెంగళూరు విమానాశ్రయానికి నూటయాభై కిలోమీటర్ల లోపల 2033 దాకా ఇంకొకటి రాకూడదని ఒప్పందం ఉందట. దాని సంగతి పెద్దలు చూసుకుంటారు. నేను మాత్రం రాష్ట్రం సరిహద్దు జూజువాడిలోనే పాస్‌పోర్టు ముద్ర వేస్తే బాగుండునని అనుకొన్నాను. నిజానికి అది న్యాయం కూడా. మా ఊళ్లో మనిషి పాల ప్యాకెట్టు కన్నడంలో బేరమాడి, కరెంటు బిల్లు తమిళంలో కట్టి, ఇంటికొచ్చి తెలుగులో తిట్లు తింటాడు. ఇట్లాంటివాణ్ని ఆశ్చర్యపరచాలంటే ఏ దేశమైనా కొంచెం కష్టపడాలి. శ్రీలంక ఏమాత్రం కష్టపడలేదు.

విమానం దిగి బయటికొస్తే బోర్డులు మూడు భాషల్లో ఉన్నాయి. మూడింట్లో ఒకటి తమిళం. పొద్దున హోటల్లో 'ఇందిఆప్ప' అని ఊరించి పెట్టారు, చూస్తే ఇడియాప్పం. పక్కన కొబ్బరి సంబోల్, అంటే ఎండుమిరపకాయ తగిలించిన మన కొబ్బరి పచ్చడికి దాయాది. ఫారిన్ తిండి పడక కడుపు చెడిందని ఊళ్లో చెప్పుకొనే అవకాశం ఆ పూటే పోయింది. మా ఆవిడ ఆఖరి ఆశగా, "యాడికి పోయినా రాగిముద్ద మాత్రం దొరకదు, రాసిచ్చేస్తా" అంది. మధ్యాహ్నం ఎర్రగా, గట్టిగా ఒక రొట్టె తెచ్చి పెట్టారు. ఏమిటయ్యా అంటే కురక్కన్ అన్నాడు. కురక్కన్ అంటే రాగులు. ఆమె మారు మాట్లాడకుండా తినేసింది.

చవక సంగతి కూడా చెప్పాలి. మన రూపాయి మారిస్తే వాళ్ల రూపాయలు మూడున్నర దాకా వస్తాయి. విమానాశ్రయంలో ఆ నోట్ల కట్ట జేబులో పెట్టుకొని జమీందారులా నడిచాను. మొదటి భోజనం బిల్లు రాగానే జమీందారీ రద్దయింది. అక్కణ్నుంచి ప్రతి ధరనూ మూడున్నరతో భాగించడమే నాకు పని. అందమైన దేశమంటారు, ఉంటుంది. నేను ఎక్కువగా చూసింది ఫోన్లో క్యాలిక్యులేటర్‌ని.

ఇంక సిగిరియా. ఐదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు తండ్రిని చంపి, తమ్ముడొచ్చి తనను చంపుతాడని భయపడి, నిట్టనిలువు బండ మీద కోట కట్టుకొని కూర్చున్నాడు. కుటుంబ కలహాలు ఎవరింట్లో లేవు? వాటి కోసం పన్నెండువందల మెట్లు పెట్టడం అతిశయం. పైగా పద్దెనిమిదేళ్లు పాలించి, చివరికి తమ్ముడు రాగానే అంత కోటా వదిలి కిందికి దిగే పోరాడి చచ్చాడట. ముందే కింద ఉంటే నాకు మోకాళ్లు మిగిలేవి.

మెట్లకన్నా ముందు నన్ను కుంగదీసింది టికెట్ కిటికీ. స్థానికులకు నామమాత్రం, విదేశీయులకు డాలర్లలో భారీగా, మధ్యలో సార్క్ దేశాలవాళ్లకు ఆ డాలర్లలో సుమారు సగం. పాస్‌పోర్టు చూపించమన్నారు. నా ముందున్న జర్మనీ దంపతులు పూర్తి ధర కట్టి తలెత్తుకొని పోయారు. నా పాస్‌పోర్టు తిప్పి చూసి, చిరునవ్వుతో సగం చాలన్నాడు. డబ్బు మిగిలిందని మా ఆవిడ సంతోషపడింది. నాకు మాత్రం ఒక దేశ ప్రభుత్వమే నన్ను సగం విదేశీయుడని రాతపూర్వకంగా తేల్చినట్టయింది. ఆ టికెట్ ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు.

పైకెక్కాక బాగుంది, కాదనను. చుట్టూ అడవి, చెరువులు, కింద కొలతపెట్టి గీసినట్టు తోటలు. మా ఆవిడ ఊపిరి సర్దుకొని అన్నమాట: "ఏమయ్యా, ముప్పై ఏండ్లుగా కృష్ణగిరి కోట ఎక్కుదామంటే మోకాళ్లంటివి. అది ఊరికేనే కదా." ఊరికే కాబట్టే ఎక్కలేదని ఆమెకు ఎట్లా చెప్పేది.

క్యాండీలో జరిగింది ఇంకా అన్యాయం. ఊరి మధ్య చక్కటి చెరువు, ఒడ్డున దంతధాతు ఆలయం, ముందు ఎనిమిది మూలల మండపం. చెరువు 1807లో తవ్వించింది ఎవరని గైడును అడిగాను. శ్రీ విక్రమ రాజసింహ అన్నాడు, క్యాండీ చివరి రాజు. కిరీటం పెట్టకముందు ఆయన పేరు కన్నుస్వామి నాయకుడు. మధురై నుంచి పిల్లనిచ్చిన సంబంధంతో లంక గద్దె మీదికొచ్చిన వడుగ, అంటే తెలుగు నాయకుల వంశం, 1739 నుంచి నలుగురు రాజులు. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ను పట్టుకొని, మార్చి 2న అక్కడి దొరలతో ఒప్పందం రాయించుకొని, ఆయన్ను ఎక్కడికి పంపారో తెలుసా? వేలూరు కోటకు. 1832లో అక్కడే పోయాడు. సమాధి పాలారు ఒడ్డున ముత్తుమండపంలో ఉంది. కృష్ణగిరి మీదుగా మద్రాసు పోయే బస్సులో కూర్చొని నేను ఎన్నిసార్లు ఆ ఊరు దాటి ఉంటానో. విమానమెక్కి చూడొచ్చిన రాజు మా బస్సు దారిలో పడుకొని ఉన్నాడు! ఇట్లాంటి విషయాలు టికెట్ కొనకముందే చెప్పాలి కదా.

క్యాండీ నుంచి కొండల్లోకి పోయే రైలును ప్రపంచంలోకెల్లా అందమైన రైళ్లలో ఒకటంటారు. తేయాకు తోటల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. దెమోదర దగ్గర రైలు తన దారినే చుట్టి స్టేషన్ కిందినుంచి దూరి పోతుంది. 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన రాయీ ఇటుకా సిమెంటుతోనే నిలబడి ఉంది, ఇనుము ముక్క లేదు. ఇవన్నీ చూసి సంతోషపడదామని కూర్చుంటే, పక్కసీటులో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తగిలాడు, తమిళం బాగా మాట్లాడతాడు. ఇక్కడి పట్టాల వెడల్పు మీదీ మాదీ ఒకటే అన్నాడు. చెన్నై ఐసీఎఫ్‌లో తయారైన బండ్లు కూడా మా దేశంలో తిరుగుతున్నాయన్నాడు. 1914 నుంచి మద్రాసు ఎగ్మూరులో ఎక్కితే ధనుష్కోటి దాకా రైలు, అక్కణ్నించి ఓడ, తలైమన్నారులో మళ్లీ రైలు, కొలంబో దాకా పోయేవాళ్లట. 1964 డిసెంబరు తుపానుకు ధనుష్కోటే కొట్టుకుపోయిందట. ఆయన ప్రేమగానే చెప్పాడు. కానీ ఒక్కొక్క మాటకూ నా ఫారిన్ ఒక్కొక్క మెట్టు దిగిపోతూ వచ్చింది. ఎగ్మూరులో ఎక్కి పోగలిగింది ఫారిన్ ఎట్లా అవుతుంది?

నువర ఎలియ చేరాక చలి వేసింది. ఒక్క క్షణం ఆశపడ్డాను. తీరా చూస్తే అది మార్గశిర మాసంలో మా హోసూరు చలే. చుట్టూ ఏమున్నాయి? క్యాబేజీ, క్యారెట్ తోటలు. క్యారెట్ తోట ముందు నిలబడి ఫోటో తీసుకోవడానికి హోసూరువాడు సముద్రం దాటాలా? గైడు గొప్పగా, "దీన్ని లిటిల్ ఇంగ్లాండ్ అంటారు సార్" అన్నాడు. మా తళికి దొరలు పెట్టిన ముద్దుపేరూ అదే. హోసూరు నుంచి పాతిక కిలోమీటర్లు, టౌన్ బస్సు పోతుంది. చెబుదామనుకొని, పాపం అతని పొట్ట మీద కొట్టడమెందుకని ఊరుకొన్నాను.

అన్నిటికన్నా పెద్దది చివరికి ఉంచాను. అనురాధపురంలో మహాబోధి చెట్టు చూసి వస్తూ, రోడ్డు పక్కన మా ఆవిడకూ నాకూ మాటా మాటా పెరిగింది. విషయం చిన్నది, ఆటోకు నేను బేరం ఆడిన తీరు. ఇక్కడెవరికి అర్థమవుతుందిలే అని ఇద్దరమూ గొంతులు విప్పి, ఇంట్లో కూడా అనుకోని మాటలు అనుకొన్నాం. ఫారిన్‌లో నాకు దొరికిన ఒకే ఒక సుఖం అది. కాస్త దూరంలో బుట్ట పెట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచి చెయ్యి చూపించమంది. పట్టుకొని చెప్పింది: ఈ చేతికి డబ్బంటే ప్రాణం, ఇంట్లో మాట చెల్లదు, ఆటోవాడితో తగువుంది. తెలుగులో చెప్పింది! పలుకు కొంచెం వేరు, మాట తెలుగే.

అహికుంటకులట. తరతరాలుగా లంకలో పాములాడిస్తూ, కోతులాడిస్తూ, చేతులు చూస్తూ తిరిగిన జనం. ఇప్పుడు తంబుత్తేగమ దగ్గరా, తూర్పు తీరంలోనూ కొన్ని ఊళ్లలో ఇళ్లు కట్టుకొని ఉన్నారు. పిల్లలకు బడిలో సింహళమో తమిళమో, ఇంట్లో తెలుగు. మాదీ అదే కథ, బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. మా ఆవిడ ఆమె పక్కన చతికిలబడి, చాలాకాలానికి కనిపించిన మేనత్తతో మాట్లాడినట్టు మాట్లాడింది. ఎక్కువ భాగం నా గురించే. చెయ్యి చూసినందుకు ఆమె అడిగిందానికి రెట్టింపు ఇప్పించింది. మూడున్నరతో భాగించనివ్వలేదు.

ఊరికి తిరిగొచ్చాం. ఎదురింటాయన గేటు దగ్గరే నిలబడి, "లంకకా? రామేశ్వరం దాటితే వచ్చేది అదే కదా" అని లోపలికి పోయాడు. ఇస్త్రీ ఆయన మాత్రం బట్టలు మడుస్తూ బుర్జ్ ఖలీఫా లిఫ్ట్ గురించి ఇంకొక పావుగంట చెప్పాడు.

వీళ్లనైనా ఓర్చుకోగలను. మా తోడల్లుడితోనే వేగలేకపోతున్నాను. ఆయన 2003లో కంపెనీ పని మీద లంక పోయొచ్చాడు. 1996 నుంచి 2006 ఏప్రిల్ దాకా ఆ దేశంవాళ్లు గడియారాన్ని మనకన్నా ముందుకు జరిపి పెట్టుకొన్నారు. నేను పోయేనాటికి మన టైమే వాళ్ల టైము, చేతి గడియారం ముట్టుకొనే పని కూడా పడలేదు. పండగకు ఇంటికొచ్చి, నా ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టి ఆయన అన్నాడు: "బాగుండాయి. మేము పోయినబుడు అర్ధగంట తేడా ఉండె. తిరిగొచ్చినాక రెండు దినాలు నిద్ర పట్టలేదు, ఫారిన్ కదా."