తంగేడుకు పదవి, కోనోకార్పస్‌కు పాదు

తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తెలంగాణలోనే, 2015లో మొదలైన హరితహారం కింద కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను, ఏపుగా పెరుగుతుందని, పశువులు ముట్టవని మెచ్చుకుంటూ ఊరూరా నాటించి, 2022లో ఇక నాటవద్దని ప్రభుత్వమే ఆదేశించింది. ఈ మొక్క పశువుకు మేత కాదు. పచ్చదనం లెక్కల్లో మాత్రం అది నిండు చెట్టే.

తంగేడు తీరు వేరు. దాని కేసరాల కొసన ఉండే సన్నని రంధ్రాల్లోంచి పుప్పొడి రాలాలంటే తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని వణికించాలి. కంపన పరాగ సంపర్కం అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ పనికి టెండరు గానీ బిల్లు గానీ ఉండదు కాబట్టి దానిపై ఏ కార్యాలయానికీ ఆసక్తి కలగకపోవడం సహజమే.

పసుపు గింజతో కాక కొమ్ముతో మొలిచే పంట కనుక దాన్ని పండించే బాల్కొండ రైతుకు తుమ్మెదతో పనేమిటని ఎవరైనా అడిగితే, ఆ ఒక్క పంట వరకు వాదం నిలుస్తుంది. 2025లో నిజామాబాద్‌లో జాతీయ బోర్డు కూడా సంపాదించుకున్న పసుపుకు లోటేమీ లేదు. బోర్డు లేనిదల్లా పెరటి బీర, సోర, గుమ్మడి పాదుల్లో మగపువ్వు నుంచి ఆడపువ్వుకు పుప్పొడి మోసే కూలీలకే. వాటికి మేత పెట్టే గట్టు మీది తంగేడును పిచ్చిమొక్కగా ఎంచి జేసీబీతో చదును చేయించిన చేతులే, బతుకమ్మ నాడు అదే తంగేడు కట్టను అంగట్లో బేరమాడి కొంటాయి.