లైటు బాబాయిగారు

కూర్మన్నపాలెంలో మా వీధికి తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, బాబాయిగారి కారు తలుపు. సరిగ్గా ఆరింటికి, అంటే స్టీల్ ప్లాంటులో ఏ షిఫ్టు ఎక్కే వేళకి, ఆయన గళ్ల లుంగీతోనే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్లరు. తాళం తిప్పి, ఇంజిను స్టార్టు చేసి, స్పీడు మీటరు పక్కనున్న పసుప్పచ్చ బొమ్మ వంక చూస్తారు. అది ఇంజిను ఆకారమని కంపెనీవాళ్లు అంటారు గానీ నాకెప్పుడూ బోరు మోటారులాగే కనిపిస్తుంది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజిను అందుకున్నాక ఆరిపోవడం దాని మర్యాద. బాబాయిగారి బొమ్మకి ఆ మర్యాద తెలీదు. ఆయన అరలోంచి అట్ట వేసిన రిజిస్టరు తీసి రాస్తారు: “06.04. రీడింగు 1,12,340. ఆకాశము మబ్బు. లైటు వెలుగుచున్నది.” కింద సంతకం. సంతకం కింద తేదీ.

ఆ రాత 33 ఏళ్ల అలవాటు. ప్లాంటులో ఆయనది ఇన్‌స్ట్రుమెంటేషను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు ప్లాంటును జాతికి అంకితం చేసిన రోజున తాను డ్యూటీలో ఉన్నాననీ, ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటరు మొరాయించబట్టి ఉపన్యాసం వినలేకపోయాననీ ఆయన చెప్పని పెళ్లి భోజనం లేదు. పెళ్లయిన కొత్తలో ఓ రాత్రి క్వార్టర్లో ఫోనెత్తి “గోదావరి ఒళ్లు కాలిపోతోందా? వస్తున్నా” అని పరిగెత్తారట. ఈ గోదావరి ఎవత్తో తేల్చుకుందామని పిన్నిగారు తెల్లవార్లూ మేలుకుని కూర్చున్నారట. గోదావరంటే బ్లాస్ట్ ఫర్నెస్ పేరు. తరవాత కృష్ణ, ఇంకొన్నేళ్లకి అన్నపూర్ణ కూడా వచ్చేసరికి ఆవిడకి అలవాటైపోయింది.

కంట్రోల్ రూము గోడ నిండా చిన్న చిన్న గళ్లుండేవి. ఏ గడిలో దీపం వెలిగితే అక్కడ ఏదో తేడా. ముందు అక్నాలెడ్జ్ మీట నొక్కాలి, తరవాత జబ్బు వెదకాలి, అన్నీ అయ్యాకే రీసెట్. “ముందుగా రీసెట్ నొక్కేవాడు ఇన్‌స్ట్రుమెంటువాడు కాదోయ్” అనేవారు. రిటైరయ్యాక గళ్లన్నీ పోయి ఒక్కటి మిగిలింది. అదిప్పుడు కారులో ఉంది.

ఇలాంటి మనిషి మా వీధికొక్కరే అనుకునేరు. విశాఖపట్నంలో పాత కారు బోనెట్టు ఎత్తితే చాలు, చుట్టూ నాలుగు రిటైర్డు డిపార్టుమెంట్లు చేరతాయి. ఎవరి డిపార్టుమెంటు జబ్బే కారుకీ ఉంటుంది. పోర్టులో చేసినాయన ముక్కు మూసుకుని “దుమ్ము” అంటాడు. “ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి, బైలదిల్లా కొండ సగం అందులోనే ఉంటుంది.” షిప్‌యార్డాయన ఒప్పుకోడు. 1948లో జల ఉష నీళ్లలోకి దిగిన యార్డు తాలూకు మనిషికి ఇనుము ఉందంటే తుప్పు ఉన్నట్టే. “సముద్రపు గాలండీ. ఎర్తింగు బోల్టు పచ్చగా పూసేసి ఉంటుంది, గీకండి” అని జేబులోంచి గరుకు కాగితం తీస్తాడు. అది ఆయన జేబులో ఎందుకుందో నాకు తెలీదు. రిఫైనరీ ఆయనకి అనుమానమంతా పెట్రోలు మీదే: “ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, మీ పాత బండి రబ్బర్లు దానికోసం చేసినవా?” నేవీ ఆయన మాత్రం “సర్వీసు ఆఖరుసారి ఎప్పుడు?” అని ఒక్కటే అడిగి, జవాబు విని, తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. నలుగురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. అందుకే ఎవరూ తగ్గరు.

బాబాయిగారిది మొదటిరోజు నుంచీ ఒకటే మాట: “సెన్సారు పోయింది.”

స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. అగ్గిపెట్టెంత స్కానరు అందులో గుచ్చితే ఫోనులో కోడు కనిపిస్తుంది. గుచ్చడానికి వంగిన బాబాయిగారు మళ్లీ లేవలేదు, నడుం పట్టేసింది. కాళ్లు వీధిలో, తల పెడళ్ల దగ్గరా ఉంచుకునే “ఏమొచ్చింది, చదువు” అన్నారు. చదివాను: పీ 0171. మిశ్రమం పలచబడిందని అర్థం. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకి సుమారు 14.7 పాళ్ల గాలి ఉండాలి. ఆ లెక్కను పొగగొట్టంలో కూర్చుని కనిపెట్టేది ఆక్సిజన్ సెన్సారు. “గోదావరిలో గాలి పాలు తప్పితే ఏమవుతుందో తెలుసా?” అని ఆయన పెడళ్ల కిందినుంచే పాఠం మొదలుపెట్టారు. పిన్నిగారు బామ్ సీసా తెచ్చేదాకా వినక తప్పింది కాదు.

ఈ కోడు అనేది పోలీసు స్టేషన్లో రాసుకునే ఫిర్యాదు లాంటిది. ఇంట్లో సొమ్ము పోయిందని ఉంటుంది, దొంగ పేరుండదు. బాబాయిగారు ఫిర్యాదు పట్టుకొచ్చినవాణ్నే లోపలేశారు. నాలుగు వేలు పెట్టి ఆక్సిజన్ సెన్సారు మార్పించారు. లైటు మూడు రోజులు ఆరి, నాలుగోనాడు మల్కాపురం దాటుతుండగా వెలిగింది.

తరవాత బ్యాటరీ వైద్యం. నెగటివ్ వైరు ఊడదీసి పావుగంట ఆగి బిగిస్తే కారు మెదడు అంతా మరిచిపోతుంది, లైటు ఆరిపోతుంది. జబ్బు లోపలే ఉంటుంది గనక రెండు మూడు ప్రయాణాల్లో దానికి మళ్లీ గుర్తొస్తుంది. ఇది ముందుగా రీసెట్ నొక్కడం కాదా అని అడిగాను. “రీసెట్ కాదు, విశ్రాంతి” అన్నారు. రిజిస్టరులో ఆ వారం ఇలా ఉంది: “సింహాచలము కొండ ఎక్కునపుడు ఆరియున్నది. దర్శనానంతరము దిగునపుడు వెలిగినది.” అప్పన్న దగ్గర ఉన్నంతసేపూ బుద్ధిగా ఉందన్నమాట. దాంతో సంపత్ వినాయక గుడికి తీసుకెళ్లి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. ఏపీ 31 నంబరు పలకను పైనుంచి కిందికి చూసి, “కొత్త బండేనా?” అని పూజారిగారు అడిగారట.

ఒక్కటి మాత్రం ఆయన చెప్పిందే నిజం, రాసిపెట్టుకోండి: లైటు నిలకడగా వెలిగితే నింపాదిగా చూపించుకోవచ్చు. అదే టపటపా కొట్టుకుంటే ఇంజిను ఏదో సిలిండర్లో మిస్సవుతున్నట్టు. కాలని పెట్రోలు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్ని మాడ్చేస్తుంది, బండి పక్కకి ఆపాల్సిందే.

ఈలోగా బండికి పదిహేనేళ్లు నిండాయి. ఆర్సీ పొడిగించాలి, ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. “ఆ దీపం పెట్టుకుని వెళ్తారా?” అని పిన్నిగారు అడ్డం పడి, గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు దగ్గరికి తోలించారు. తోడు నేను. ఆ కుర్రాడికి పాతికేళ్లుండవు. బాబాయిగారు రిజిస్టరు విప్పి మొదటి పేజీ నుంచి చదవబోతే “ఉండండి సార్” అని బోనెట్టులో చెవి పెట్టాడు. క్లీనరు డబ్బా తీసుకుని గొట్టాల చుట్టూ కొంచెం కొంచెంగా చిమ్ముతూ పోయాడు. ఒకచోట చిమ్మగానే ఇంజిను గొంతు మారింది. చిటికెన వేలంత రబ్బరు గొట్టం, వెనకవైపు పగిలి ఉంది. లెక్కలో లేని గాలి అక్కణ్నుంచి దూరుతోంది.

“మరి సెన్సారు?” అన్నారు బాబాయిగారు నీరసంగా.

“సెన్సారుకేటైందండీ? పాతదీ బాగానే ఉండుంటాది. అది నిజమే సెప్పింది, మీరే ఇన్లేదు.”

గొట్టం, కూలీ కలిపి 350 రూపాయలు.

దారిలో ఆయన పెదవి విప్పలేదు. సర్వీసంతా ఆయన కొట్లాడింది ఈ ఒక్క విషయం మీదే. ఉష్ణోగ్రత పెరిగినా, ఒత్తిడి పడిపోయినా, ఆపరేషన్ వాళ్లు అర్ధరాత్రి ఫోను చేసి “మీ మీటరు తప్పు చూపిస్తోంది” అనేవారు. ఈయన సీ షిఫ్టులో స్కూటరు మీద పోయి, మీటరు సత్యసంధుడని నిరూపించి, “మీటర్ని తిట్టకండి, ప్రాసెస్ చూసుకోండి” అని తిరిగి వచ్చేవారు. గాజువాక సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడ్డాక అన్నారు: “నేను ఆపరేషన్ వాడిలా మాట్లాడానోయ్.” ఆయన నిఘంటువులో అంతకు మించిన తిట్టు లేదు.

రిజిస్టరులో తొమ్మిది రోజులు “ఆరియున్నది” అనే ఉంది. పదోరోజు పేజీ ఖాళీ. ఏ షిఫ్టుకి లేవడం మానేశారు. “ఈయన షుగరు పరీక్ష చేయించుకుని ఏడాది దాటింది. ఆ స్కానరేదో ఈయనకి గుచ్చడానికి వీలుంటే బావుణ్ణు” అన్నారు పిన్నిగారు. నిజానికి ఆవిడకీ బెంగగానే ఉంది.

ఆ బెంగ పోయిన ఆదివారం తీరింది. అనకాపల్లి నుంచి మా బావగారు కారులో వచ్చారు. కాఫీ తాగుతూ “ఏదో పసుపు లైటు వెలుగుతోందిరా” అని నోరు జారారు. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. రెండు నిమిషాల్లో స్కానరు, కొత్త రిజిస్టరు, వెనకాలే పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ వచ్చేశాయి. బావగారు సాయంత్రం బస్సులో వెళ్లారు. కారు ఇంకా మా గుమ్మం ముందే ఉంది, ఎయిర్ ఫిల్టరు షిప్‌యార్డాయన ఇంట్లో ఉంది.

కాబట్టి మా ఇంటికి రాదలచిన బంధుమిత్రులకు మనవి. మీ కారులో ఆ బోరు మోటారు బొమ్మ వెలుగుతుంటే, అగనంపూడిలోనే ఎక్కడైనా నీడ చూసి ఆపేసి, ఆటోలో రండి.