పులిగారికి నిప్పంటే సరదా

మా పెదనాన్నకి ఈ మధ్య ఒక బెంగ పట్టుకుంది. "సర్కస్‌లో ఇప్పుడేముందిరా? నాలుగు ఉయ్యాలలు, ఇద్దరు జోకర్లు, ఒక చిలక. పులి లేని సర్కసూ ఒక సర్కసేనా!" అంటాడు, ఉప్పు మరిచిపోయిన పప్పు ముందు కూర్చున్నవాడిలా మొహం పెట్టి. పులి ఎందుకు లేదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెడతాడు. "కొట్టి నేర్పారంటావు, అంతేగా? ఒట్టి మాట. అంతా ప్రేమతోనే నేర్పేవారు. వాటికీ సరదాగానే ఉండేది."

పెద్దల మాట తీసెయ్యకూడదు. ఆ ప్రేమ సంగతే కాస్త చూద్దాం.

పులి ఒంటరి జీవి. ఎండ వేళ నీడన పడుకుని, పొద్దుగూకాక లేచి, మంట కనబడితే చుట్టుతిరిగి పోయే రకం. అలాంటి జంతువుకి గుడారంలోకి రాగానే కిరసనాయిలు గుడ్డలు చుట్టిన ఇనుప చక్రంలోంచి దూకాలన్న సరదా పుట్టింది. అదీ ఎప్పుడంటే అప్పుడు కాదు, సరిగ్గా ఆటల టైముకి. ఆ సరదా ఎక్కడ మరిచిపోతుందోనని రింగ్ మాస్టర్ చేతిలో కొరడా. ప్రేమించినవాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా, కొందరు మల్లెపూలు తెస్తారు, ఈయన కొరడా తెచ్చాడు. రింగు చుట్టూ నిలువెత్తు ఇనుప కమ్మీలు బిగించేది వాళ్లిద్దరి ఏకాంతం కోసం కాబోలు.

నాకూ ఒక సర్కస్ జ్ఞాపకం ఉంది. మా ఊరికి వచ్చినప్పుడల్లా రాత్రిళ్లు ఆకాశంలో సెర్చిలైటు తిరిగేది. దాన్ని చూస్తూ మేం డాబా మీద నిద్రపోయేవాళ్లం కాదు. పొద్దున్నే బడి ఎగ్గొట్టి డేరా వెనక్కి పోయేవాళ్లం, టికెట్ లేకుండా ఏనుగుని చూడొచ్చని. ముందు కాలు ఒకటి, వెనక కాలు ఒకటి గొలుసులతో మేకులకి కట్టి ఉండేవి. అది తల ఇటు ఊపి, అటు ఊపి, మళ్లీ ఇటు ఊపేది. తొండం కూడా ఆ లెక్కనే ఊగేది. "డ్యాన్సు ప్రాక్టీసు చేస్తోందిరా!" అని మేం చప్పట్లు కొట్టాం. గంట తర్వాత వచ్చినా అదే ఊపు. అవే మూడు ఊపులు, ఓ చిన్న ఆగుడు, మళ్లీ మొదలు. కాళ్ల కింద నేల నున్నగా అరిగి, పేడతో మెరుస్తోంది. బ్యాండు వాళ్లు ఇంకా నిద్ర లేవలేదు, పాట ఎక్కడా లేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. కట్టేసిన జంతువు మతి చెదిరి అలా ఊగుతుందని, దానికి పశువైద్యుల దగ్గర వేరే పేరుందని తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి. ఆ చప్పట్లు మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

ఇక ప్రభుత్వం వారి సహృదయత. ఆటాడించే జంతువుల నమోదుకి 2001లో నిబంధనలు రాశారు. అందులో ఒక ముత్యం ఉంది: జంతువు చేత చేయించే పని దాని సహజ ప్రవృత్తికి తగినట్టు ఉండాలట. చదివి నేను చాలాసేపు తేరుకోలేదు. చిలక చిన్న ఫిరంగి పేల్చింది, సైకిల్ తొక్కింది. కుక్క కూడికలు చేసి అంకె ఉన్న అట్ట నోట కరుచుకొచ్చింది. ఏనుగు క్రికెట్ బ్యాటు పట్టింది. ఇవన్నీ అడవిలో అవి రోజూ చేసుకునే పనులే కాబోలు, మనమే సరిగ్గా చూసుండం. ఏనుగు శివలింగానికి నీళ్లు పోసి, గంట కొట్టి, మోకాళ్ల మీద దండం పెడితే నేల క్లాసు మొత్తం లేచి "హర హర మహాదేవ" అనేది. "చూశావా, శ్రీకాళహస్తిలో ఏనుగు శివుడికి పూజ చెయ్యలేదూ?" అంటాడు పెదనాన్న. చేసింది. అయితే ఆ ఏనుగు పక్కన అంకుశం పట్టుకుని మావటి నిలబడ్డట్టు స్థలపురాణంలో ఎక్కడా లేదు.

ప్రేమ తర్వాత వచ్చే మాట కుటుంబం. "అవి మా పిల్లల్లాంటివండీ" అని సర్కస్ వాళ్లు చెప్పినంత ఆర్ద్రంగా ఎవరూ చెప్పలేరు. ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలు కుదరవని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు ఈ కుటుంబ పెద్దలు కోర్టుకెళ్లారు. వెళ్లి, మా పిల్లల్ని మాకు దూరం చెయ్యొద్దని బావురుమన్నారా? లేదు. రాజ్యాంగం ఇచ్చిన వ్యాపారం చేసుకునే హక్కుకి దెబ్బ అన్నారు. గుడారంలో కన్నబిడ్డ కోర్టు మెట్లెక్కేసరికి సరుకైపోయింది. కేరళ హైకోర్టు 2000లో ఈ వాదన విని, మనుషులకి ప్రాథమిక హక్కులుంటే జంతువులకెందుకు ఉండకూడదని ఎదురడిగింది. 2001 మేలో సుప్రీంకోర్టూ ఉత్తర్వు సబబే అంది. సర్కస్‌లలో నిజం పిల్లల్ని కూడా పనికి పెట్టొద్దని అదే సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. ఆ కుటుంబంలో పిల్లల పెంపకం ఎలా సాగిందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆటలు కుదరవన్న జంతువుల జాబితా తయారైన తీరూ ముచ్చటైనదే. 1991లో మొదటి ఉత్తర్వులో కుక్క ఉంది, సింహం లేదు. ఏడేళ్లు ఆలోచించి కుక్కని తీసి సింహాన్ని చేర్చారు. ఏనుగు రెండింట్లోనూ లేదు. అంటే ఒకే డేరా కింద, ఈ బోనులో సింహం పడేది బాధ, పక్కన గొలుసుకున్న ఏనుగు పడేది కళాసాధన. సింహాలు వెళ్లిపోయాక ఆ ఖాళీ టైము కూడా ఏనుగే నింపింది పాపం, ఓవర్‌టైము లేకుండా.

శిక్షల మాట ఎత్తకపోతే చట్టం చిన్నబుచ్చుకుంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో, జంతువుని కొట్టి హింసించి మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయలకి తగ్గకుండా, 50 రూపాయలకి మించకుండా అని రాశారు. నమోదు లేకుండా ఆటాడిస్తే 500 దాకా, లేదంటే మూడు నెలల జైలు, కాదంటే రెండూ. సర్కస్‌లో ముందు కుర్చీ టికెట్టే 50 రూపాయలు దాటి ఎన్నేళ్లయిందో. చూసినవాడు కట్టింది ఎక్కువ, కొట్టినవాడు కట్టేది తక్కువ.

సర్కస్ మీద నాకు కోపమేమీ లేదు. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కున్హికణ్ణన్ 1901లో సర్కస్ బడి పెట్టి మనుషులకి గాల్లో ఎగరడం నేర్పాడు. ట్రపీజు మీద చేతులు వదిలే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ గొంతు తడారిపోతుంది. కానీ ఆ మనిషికి కింద వల ఉంది, నెలకి జీతం ఉంది, నచ్చకపోతే తలశ్శేరి రైలెక్కే దారి ఉంది. పులికి ఏ రైలు?

రైలు కాదు గానీ, చివరికి లారీ దొరికింది. కోర్టు తీర్పు తర్వాత సర్కస్ పులుల్నీ సింహాల్నీ ఉంచడానికి విశాఖ, తిరుపతి, వండలూరు, బన్నేరుఘట్ట లాంటి చోట్ల సంరక్షణ కేంద్రాలు పెట్టారు. అడవిలో వదలడం కుదరదు, వేట తెలియదు. ఆ సింహాల్లో చాలా వాటికి జాతి కూడా తేలదు, ఆఫ్రికా సింహాన్నీ గిర్ సింహాన్నీ కలిపేసిన సంకరం. అందుకని పిల్లలు పుట్టకుండా చూసి, ఉన్నన్నాళ్లు మాంసం పెట్టి, ముసలితనంలో కన్నుమూసేదాకా కాచారు. ప్రేమతో పెంచిన తండ్రులు ముందుకెళ్లిపోయారు, పింఛను ప్రజల పన్నుల్లోంచి వచ్చింది.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు.

"విశాఖ వెళ్లినప్పుడు చూడాల్సిందిరా, తెలీలేదు" అన్నాడు.

"చూడనిచ్చేవారు కాదు పెదనాన్నా. ఆ కేంద్రాలు ప్రదర్శనకి కాదు."

"మరి అక్కడ ఏం చేసేవవి?"

"ఏమీ చేసేవి కాదు. ఎండ పొడలో పడుకునేవి."

పెదనాన్న పడక్కుర్చీలో అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి కళ్లు మూసుకునే అడిగాడు:

"పొద్దస్తమానం ఊరికే పడుకుంటే వాటికి విసుగెయ్యదుట్రా?"