పెరుగుతున్న జీడి పరిశ్రమకు కొన్ని అమూల్య సలహాలు

నిన్నటిదాకా రోజుకు పది బస్తాల పిక్కలు కోసిన షెడ్డు ఇప్పుడు ముప్పై కోస్తోందా? హరిశ్చంద్రపురం నుంచి పలాస దాకా ఈ దశకు వచ్చిన ప్రతి ఓనరుకూ ఒకటే బెంగ. ఏ పని మిషనుకు అప్పజెప్పాలి, ఏది మనుషుల చేతుల్లో ఉంచాలి, ఏది సొంతంగా తయారు చేయించుకోవాలి? అంత ఆలోచన ఒంటికి మంచిది కాదు. ముందు కలర్ సార్టర్ కొనేయండి.

అదే ఎందుకంటే, దాన్ని అద్దాల గదిలో, ఏసీలో పెట్టొచ్చు. చుట్టాలొస్తే చూపించొచ్చు. పిక్కలు ఉడికించే చోట ఆవిరి, కోసే చోట చేతులు కాల్చే జీడి నూనె. అక్కడ ఎవరు ఫొటో దిగుతారు? గుండు, అంటే విరగని పప్పు, బద్దయ్యేది అక్కడే అంటారా, నిజమే. పౌనుకు 240 తూగే గుండుకూ, అదే పప్పు విడిపోయిన బద్దకూ ధరలో తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. సార్టర్ చిట్టచివర ఉంటుంది కాబట్టి విరిగినదాన్ని అతికించలేదు. కానీ మీ నష్టాన్ని క్షణాల్లో ఏరి, రంగుల వారీగా పోసి చూపిస్తుంది. అంత శుభ్రమైన నష్టం ఇంతకు ముందెప్పుడైనా చూశారా?

కోత మిషను కూడా కొంటానంటే కొనండి. పిక్కల్ని సైజుల వారీగా వేరు చేసే జల్లెడ జోలికి మాత్రం పోవద్దు. అది చవక, చవక సామానుకు ఎమ్మెల్యేని పిలిచి రిబ్బను కోయించలేం. ఇక్కడి ఉద్దానం పిక్కా, ఓడలో దిగిన ఆఫ్రికా పిక్కా కలిపి పోసేయండి. బ్లేడు ఒక సైజుకు బిగించి ఉంటుంది కాబట్టి పెద్ద పిక్కలో పప్పు తెగుతుంది, చిన్నది తెగకుండానే బయటికొస్తుంది. కాలితో తొక్కే కట్టరు ముందు కూర్చున్న అప్ప ఈ తేడా చేత్తోనే పసిగట్టి పిక్కను సర్ది పెడుతుంది. ఆ నేర్పుకు వారంటీ కార్డు లేదు, లెక్కలో వేయకండి. "పిక్క ఇంకా ఆరనేదు బాబూ, రేపు కోద్దుం" అని ఆమె అంటే అసలు వినొద్దు. ఈఎంఐ రేపటిదాకా ఆగదు.

ఎవరైనా అడ్డొస్తే వియత్నాం పేరెత్తండి. 2006 ప్రాంతంలో జీడిపప్పు ఎగుమతుల్లో ఆ దేశం మనల్ని దాటిపోయింది, మిషన్లతోనే. అక్కడి వర్క్‌షాపులు తమ ఫ్యాక్టరీల పక్కనే ఉండి, ఏళ్ళ తరబడి ఒక్కో పనినీ సరిచేసుకుంటూ వచ్చిన సంగతి మాత్రం ఎత్తకండి. విన్నవాడికి ఓపిక తగ్గుతుంది.

డబ్బా? కేంద్రం 2020లో మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం రాయితీ ఉంది, 10 లక్షలకు మించకుండా. 35 శాతం ఎవరో ఇస్తున్నారంటే మిగతా 65 కూడా ఎవరో ఒకరు ఇచ్చినట్టే. చాలకపోతే పిక్కలు కొనడానికి దాచిన సొమ్ము తీయండి. ఉద్దానం పంట వేసవిలో ఓ రెండు మూడు నెలలే దిగుతుంది, ఏడాది సరుకు అప్పుడే కొని దాచుకోవాలి. ఆ వేళకు మీ డబ్బంతా మిషనులో ఉంటుంది. మిగతా ఏడాది మిషను నిశ్శబ్దంగా ఉంటుంది, అరుగుదల కూడా తక్కువ.

జనరేటరు గురించి ఎవరైనా గుర్తుచేస్తే నవ్వేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానాన్ని చీకటి చేసి వెళ్ళింది కదా, మళ్ళీ రాదు. కరెంటు అక్కర్లేని కాలి కట్టర్లు షెడ్డులో చోటు తింటున్నాయి. ఇనుప సామానువాడికి వేసేయండి.

ఇక కంప్యూటరు సంగతి. జమాఖర్చులకు టాలీ ఉంది, అందరూ వాడతారు, చవక. అందుకే సొంతంగా యాప్ రాయించాలి. హైదరాబాదులో మేనల్లుడు ఎలాగూ ఖాళీగానే ఉన్నాడు. యాప్‌లో మీ ఫొటో, లోగో, వేలిముద్రల హాజరు ముందు పెట్టించండి. జీడి నూనెకు తోలు ఊడిన వేళ్ళను ఆ మిషను గుర్తుపట్టదు, ఆ పూట కూలి రాయక్కర్లేదు. అదొక్కటే మీకు నిజంగా మిగిలే ఆటోమేషను.

80 కిలోల బస్తాకు ఏ లాటులో ఎంత పప్పు దిగింది, అందులో గుండెంత, బద్దెంత, ఏ దశలో విరిగింది అనే గడి మాత్రం రెండో విడతకు వాయిదా వేయించండి. గుమాస్తా దగ్గర నూనె మరకల నోటుబుక్కులో అదంతా ఉందట, దాన్ని చిత్తుకాగితాల్లో వేసేయండి. నాలుగు నెలల అంకెలు వరుసగా కనబడ్డాయంటే ఏ మిషను కొనాలో, అసలు కొనాలో వద్దో దానంతటదే తేలిపోతుంది. అప్పుడు డీలరు, మేనల్లుడు, నాలాంటి సలహాదారుడు ఏం తిని బతకాలి?

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవారికి చివరగా ఒక ప్రకటన నమూనా కూడా ఇస్తున్నాను. "కలర్ సార్టర్ అమ్మబడును. ఒక్క సీజను కూడా పూర్తిగా వాడలేదు. పెరుగుతున్న వ్యాపారులకు ప్రాధాన్యం."