ఓడ బావగారు

ఓడ బావగారు సాధారణంగా పదవీ విరమణ తరవాత బయటపడే జాతి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఓడ తయారుచెయ్యడమే ఈయన పని అని చుట్టాలు అనుకుంటారు. అతికించడం నెలలో అయిపోతుంది. రంగు వెయ్యడమే అసలు పని, అది మాత్రం తెమలదు.

జపాను యుద్ధనౌక యమాటోనే తీసుకుంటే, అసలు ఓడ పొడవు 263 మీటర్లు. 350వ వంతుకు కుదించిన బొమ్మ 75 సెంటీమీటర్లు వస్తుంది. అది డైనింగ్ టేబుల్ ఎక్కిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ కింద కూచుని భోంచేస్తారు.

మొదటి మెట్టు కడగడం. ముక్కలు అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే జిడ్డు వాటికి అంటుకుని ఉండొచ్చు, అది పోకపోతే రంగు పట్టదు. అందుకని అంట్ల సబ్బు నీళ్లలో, పాత టూత్‌బ్రష్‌తో, ఒక్కో ఫిరంగికీ పసిపిల్లకి లాలపోసినట్టు పోస్తారు. తాను తాగిన కాఫీ గ్లాసులో నీళ్లు పోసి పెట్టడం మాత్రం ఈ జాతికి తెలియదు.

తరవాత ప్రైమర్, ఆపైన బూడిద రంగు. ఇక్కడే ఆగిపోతారు. జపాను నౌకాదళ కర్మాగారాలు కురె, ససెబో, మైజురు, యొకొసుక. ఏ కర్మాగారం బూడిద దానిదే అంటారు బొమ్మల పిచ్చివాళ్లు. యమాటో కురెలో తయారైంది కాబట్టి కురె బూడిదే పడాలి. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, "మన గేటుకి వేయించిందే కదండీ?" అంటుంది ఇల్లాలు. ఆ పూట ఇంట్లో మాటలుండవు. పైగా అసలు రంగు చిన్న బొమ్మ మీద మరీ ముదురుగా కనిపిస్తుంది కనక కాస్త తెలుపు కలపాలి. ఎంత కలపాలన్న దగ్గర రెండు ఆదివారాలు పోతాయి. ఓడ 1945 ఏప్రిల్ 7నే మునిగిపోయింది, లేచొచ్చి తప్పుపట్టబోదు.

నీటిగీత కింద ఎరుపు, మధ్యలో మాస్కింగ్ టేపు. ఎయిర్‌బ్రష్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్ బావమరిదిది. "రెండు రోజుల్లో పంపిస్తానోయ్" అని తీసుకున్నది.

డీకాల్స్ అనే నీళ్ల స్టిక్కర్లు అంటించే ముందు నిగనిగలాడే వార్నిష్ పూత పడాలి. గరుకు రంగు మీద అంటిస్తే అడుగున గాలి చిక్కి వెండిరేకులా మెరుస్తుంది. ఈ పూత ఆరేదాకా దుమ్ము వాలకూడదు, అందుకని మే నెలలో ఫ్యాన్లు బంద్. పోపు కూడా నిషేధం. ఓడ మీద బట్టల టబ్బు బోర్లిస్తారు. మర్నాడు టబ్బు తీసి చూస్తే డెక్కు మధ్యలో ఒక తెల్ల వెంట్రుక ఉంటుంది. ఆ ఇంట్లో తెల్లజుట్టు ఒకరికే.

చివరిది మ్యాట్ వార్నిష్. మెరుపు చంపి, స్టిక్కర్లనీ రంగునీ ఒకే పొరకింద కాపాడేది ఇదే. గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే ద్రావకం ఆవిరవుతూ పూతని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ చేరి ఓడంతా విభూతి పూసినట్టు తెల్లబడుతుంది. విశాఖపట్నంలో ఉండే బావగారికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. శ్రావణంలో ముసురు, ధనుర్మాసంలో మంచు. ఎండాకాలం కొడదామంటే తుంపర దారిలోనే ఆరిపోయి పొడిపొడిగా పడుతుందట. ఈలోగా అల్మరాలోకి కొత్త పెట్టె ఒకటి వస్తుంది, దాని ధర ఇంట్లో చెప్పరు.

పై వివరాలు కూర్చిన బావమరిది బీరువా మీద కూడా ఒక జలాంతర్గామి మూడేళ్లుగా మ్యాట్ పూత కోసం ఎదురుచూస్తోంది. దానికి మాత్రం కారణం తేమ కాదు, కంప్రెసర్ లేకపోవడం.