పిప్పికి మళ్లీ గానుగ

మెలోడిక్ డెత్ మెటల్ బ్యాండు కొత్త ఆల్బమ్ తెస్తోందంటే పాటల కంటే ముందే ఒక మాట వచ్చి గుమ్మంలో నిలబడుతుంది: "ఈసారి మా మూలాల్లోకి తిరిగి వచ్చాం." కోటగిరి, బోధన్ వైపు జనానికి ఈ మాట అర్థం కావడానికి హెడ్‌ఫోన్లు అక్కర్లేదు. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీని తెరిపిస్తామన్న మాటకు ఇక్కడి చెవులు ఎన్నికెన్నికకీ అలవాటు పడి ఉన్నాయి. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించి గేటు మూశారు. 2024 జనవరిలో తెరిపించే మార్గం చూడమని మంత్రి అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ సంగీతం పుట్టిన, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కూ బోధన్‌కూ పోలికేమిటని నవ్వేవాళ్లు రెండు ఊళ్ల వాగ్దానాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండుచోట్లా అమ్మకానికి పెట్టింది గడిచిన కాలాన్నే. దాన్ని అక్కడ టీషర్టు మీద అచ్చేస్తారు, ఇక్కడ ఫ్లెక్సీ మీద.

ముందుగా ఆ మూలాలేమిటో చూడాలి. 1990లలో గోథెన్‌బర్గ్ కుర్రాళ్లు డెత్ మెటల్ బొంగురు గొంతునూ డ్రమ్ముల వేగాన్నీ అలాగే ఉంచి, వాటి మీద రెండు గిటార్లు జోడుగా పలికే రాగాన్ని ఎక్కించారు. జోడు గిటార్ల పద్ధతిని ఐరన్ మెయిడెన్ దగ్గర తీసుకున్నారు, కొన్ని వరుసలను తమ పల్లెపాటల్లోంచి ఏరుకున్నారు. 1995లో ఎట్ ది గేట్స్ 'స్లాటర్ ఆఫ్ ది సోల్', డార్క్ ట్రాంక్విలిటీ 'ది గ్యాలరీ', 1996లో ఇన్ ఫ్లేమ్స్ 'ది జెస్టర్ రేస్' వచ్చాయి. మూడూ ఫ్రెడ్‌మన్ అనే ఒకే స్టూడియోలో రికార్డయినవే. పాడినవాళ్లకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. వాళ్లు ఎక్కడికీ తిరిగి వెళ్లలేదు, తిరిగి వెళ్లడానికి వాళ్లకు వెనక ఊరంటూ లేదు. డెత్ మెటల్ అంటే రాగం ఉండకూడదనే పెద్దల మాట కాదని గడప దాటారు. ఈనాడు మూలమని పూజలందుకుంటున్నది ఆనాటి ఆ ధిక్కారమే. గడప దాటినవాడి అడుగుజాడను పసుపు కుంకుమలతో గడప లోపలే ముద్రించి, ఇదే మా సంప్రదాయం అన్నట్టుంది వ్యవహారం.

ఇక రుజువుల దగ్గరికి వద్దాం. ఇన్ ఫ్లేమ్స్ తన పద్నాలుగో ఆల్బమ్ 'ఫోర్‌గాన్'ను 2023 ఫిబ్రవరి 10న విడుదల చేసింది. పాత రోజులు తిరిగొచ్చాయని సమీక్షకులు చాలామంది పండగ చేసుకున్నారు. పేర్లు పెట్టడంలో మాత్రం ఈ బ్యాండును మించిన నిజాయితీపరులు లేరు. 2002లో దారి మార్చుకున్న ఆల్బమ్‌కు 'రీరూట్ టు రిమెయిన్' అని, అంటే నిలదొక్కుకోవడానికే దారి మళ్లాం అని పేరు పెట్టారు. మూలాలు దొరికాయని జనం చెప్పుకున్న ఆల్బమ్‌కేమో గతించినది అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. విని చూస్తే గిటార్లు నిజంగానే పదును తేలాయి, అందులో అబద్ధం లేదు. కానీ పల్లవి దగ్గరికి రాగానే గొంతు మెత్తబడి, గత ఇరవయ్యేళ్ల అలవాటు బయటపడుతుంది. అంతకుముందు 2020లో, 'క్లేమన్' ఆల్బమ్‌కు ఇరవయ్యేళ్లు నిండాయని అందులోని నాలుగు పాటలను కొత్తగా రికార్డు చేసి మరీ వదిలారు. చెరకు పండించే ప్రాంతంలో దీనికి వేరే వివరణ అవసరం లేదు. ఒకసారి రసం తీసిన పిప్పిని బాయిలరు కింద మంటకు వాడతారు, కాగితం చేయడానికి వాడతారు. మళ్లీ గానుగలో పెట్టి గ్లాసు పట్టుకుని నిలబడరు.

ఇంతకీ ఆ మూలాలు ఎవరి పేర పట్టా అయి ఉన్నాయి? ఇక్కడ కథ అన్నదమ్ముల పాళ్ల పంపకంలా తయారవుతుంది. 1990లో ఇన్ ఫ్లేమ్స్‌ను స్థాపించిన యెస్పర్ స్ట్రోమ్‌బ్లాడ్ 2010లో బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు పాడుతున్న ఆండర్స్ ఫ్రిడేన్ చేరింది 1995లో. అంతకుముందు 1993లో డార్క్ ట్రాంక్విలిటీ మొదటి ఆల్బమ్‌లో పాడింది ఈ ఫ్రిడేనే. 1994లో ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్‌లో పాడింది ఇప్పటి డార్క్ ట్రాంక్విలిటీ గాయకుడు మికాయెల్ స్టానె. ఆ స్టానె, స్ట్రోమ్‌బ్లాడ్, ఇంకో ముగ్గురు కలిసి ది హేలో ఎఫెక్ట్ అనే బ్యాండు పెట్టి 2022లో 'డేస్ ఆఫ్ ది లాస్ట్' తెచ్చారు. ఐదుగురూ ఏదో ఒక కాలంలో ఇన్ ఫ్లేమ్స్‌లో ఉన్నవాళ్లే. పాత కార్మికులంతా గేటు బయట వేరే గానుగ పెట్టుకుని రసం తీస్తుంటే, లోపలున్నవాళ్లు అసలు ఫ్యాక్టరీ మాదే అంటున్నారన్నమాట. బోర్డు లోపలివాళ్ల దగ్గర, పనితనం బయటివాళ్ల దగ్గర ఉండిపోయాయి. మూలం ఎవరి దగ్గరుందో తేల్చాలంటే తహసీల్దారును పిలవాలి.

కళాకారుడు మారకూడదా అని కొందరు కోపగించుకుంటారు. హాయిగా మారవచ్చు. ఇరవై రెండేళ్ల వయసులో వేసిన కేకనే యాభైలోనూ వేయమనడం క్రూరత్వం. ఇక్కడ అభ్యంతరం మారినందుకు కాదు, మారి, ఆ మార్పుతో ఇరవయ్యేళ్లు బతికి, చివరికి మారనేలేదన్నట్టు నటించినందుకు. అది వట్టి ప్రచారం, ఎవరు నమ్ముతారని ఇంకొకరు తేలిగ్గా తీసేస్తారు. నమ్మేవాళ్లు లేకపోతే మాట ఇన్నేళ్లు చెల్లుబాటు కాదు. బాస్ కంపెనీ 1991లో తయారీ ఆపేసిన హెచ్‌ఎం-2 అనే గిటారు పెడల్ స్వీడిష్ డెత్ మెటల్ రంపపు మోతకు పెట్టింది పేరు. దాన్ని 2020లో మళ్లీ కొత్తగా చేసి అమ్మకానికి పెట్టిందంటే ఆ నమ్మకానికి గిరాకీ ఉన్నట్టేగా. ఎట్ ది గేట్స్ మాటేమిటని అడగడం మాత్రం న్యాయమైన ప్రశ్న. వాళ్లు 1996లో విడిపోయి, 2007లో కలిసి, 2014లోగాని కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు. మూసినన్నాళ్లు మూసే ఉంచారు కాబట్టి, తెరిచామంటే నమ్మబుద్ధవుతుంది. నడుస్తున్న దుకాణం పునఃప్రారంభమని రెండేళ్లకోసారి రిబ్బను కత్తిరిస్తుంటేనే చిక్కు.

అసలు తిరిగి వెళ్లడమనేది యంత్రాలకు సంబంధించిన పనే కాదు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు కాబట్టి కాలువ వచ్చింది, కాలువ వచ్చింది కాబట్టి చెరకు, చెరకు వెంట ఫ్యాక్టరీ వచ్చాయి. రేపు గేటు తెరిచి రోలర్లకు నూనె పోసినా, ఈలోపు వరికి మళ్లిన రైతు మళ్లీ చెరకు గడ నాటాలి, అది పక్వానికి రావడానికి ఏడాది పడుతుంది, నరికే కూలీలు రావాలి. గోథెన్‌బర్గ్‌లోనూ అంతే. పోస్టులో చేతులు మారే క్యాసెట్లూ, ఒకరి బ్యాండులో ఒకరు పాడే సావాసమూ, ఇది అమ్ముడవుతుందో లేదో తెలియని అమాయకత్వమూ కలిస్తే ఆ సంగీతం పండింది. ఇప్పుడు ఖరీదైన రోలర్లు తెచ్చి ఆడిస్తూ, పొలం సంగతి అడగొద్దంటున్నారు.

మన దగ్గర ఈ మూలాల పిచ్చి ఇంకో వేషం వేస్తుంది. భారతీయ బ్యాండు అనగానే సితారేదీ, పురాణమేదీ అని వెతికే విదేశీ చెవులకు, ముంబై బ్యాండు డెమోనిక్ రిసరెక్షన్ 2017లో 'దశావతార్'తో పదవతారాలనూ వడ్డించింది. బాగానే వండారు, కానీ అందరినీ అదే వంట చేయమంటే కష్టం. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ ఆ జోలికి పోలేదు. మెలోడిక్ అనే బిరుదు కూడా కోరకుండా సూటిగా డెత్ మెటల్ వాయించి, 2016లో, 2018లో రెండు చిన్న రికార్డులూ 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమూ తెచ్చింది. తిరిగి వెళ్లడానికి వాళ్లకింకా తగినంత గతం పోగుపడలేదు. మొదటి రికార్డుకు ఇరవయ్యేళ్లు నిండేది 2036లో. ఆలోపు రెండు అసెంబ్లీ ఎన్నికలైనా జరుగుతాయి, శక్కర్‌నగర్ గేటుకు కనీసం రెండు ప్రారంభోత్సవ తేదీలు దొరుకుతాయి.