నూటికి నూరు, గేటు లోపల మాత్రమే

బరంపురంలో లంజిపల్లి దాటేలోపు మూడు ఫ్లెక్సీలు కనిపిస్తాయి. మూడింటి మీదా ఒకటే మాట: పదో తరగతిలో నూటికి నూరు శాతం. పిల్లల ఫొటోలు స్టాంపు సైజులో, యజమాని ఫొటో నిలువెత్తున.

మొన్న చలికాలంలో అలాంటి ఒక బడిలో పరీక్షల భయం పోగొట్టే సభ పెట్టారు. భువనేశ్వర్ నుంచి వచ్చిన వక్త గంటసేపు మైకు అదరగొట్టాడు. ఓటమి గెలుపుకు తొలిమెట్టట. గురువులు మీ వెంటే ఉన్నారట. చప్పట్లు మోగాయి. సభ అయ్యాక ఒక తండ్రిని ఆఫీసు గదిలోకి పిలిచి నిలబెట్టారు.

‘‘మీవాడు లెక్కల్లో వీకండీ. ఈ ఏడు ప్రైవేటుగా కట్టించేయండి. మా రిజల్టు పాడవుతుంది.’’

‘‘తొలిమెట్టని ఇందాకే కదండీ మాస్టారూ అన్నారు?’’

‘‘అది పిల్లలకండీ. బడికి కాదు.’’

ఆ గదిలో ఓటమికి వణికిపోతున్నవాడు ఒక్కడే. వాడు కుర్చీలో ఉన్నాడు.

నూటికి నూరు తేవడం ఏమంత విద్య? నూట ఇరవై మందిలో ఇరవై మందిని పరీక్షకు ముందే గేటు దాటిస్తే సరి. ఇంతకంటే మా బరంపురం అప్పడాలవాళ్ళు నయం. విరిగిన ముక్కల్ని పక్కన పెడతారు గానీ, అవి మావి కావని బుకాయించరు.

ఆ కుర్రాడి సంగతి చూద్దాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. సాయంత్రం నాన్న కొట్లో కూర్చుని చిల్లర లెక్క పైసా తప్పకుండా అప్పజెబుతాడు. అదే లెక్క ఇంగ్లీషులో అడిగితే బిక్కచచ్చిపోతాడు. ఎక్కడ తడబడుతున్నాడో పక్కన కూర్చుని చూసిన మాస్టారు లేడు. భయం పోగొట్టడానికి మాత్రం భువనేశ్వర్ నుంచి మనిషిని పిలిపించారు!

ఈ పాత గంజాం జిల్లాలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులనే మాస్టారు ఉండేవారు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. తెలుగు పిల్లల్ని వాడుక తెలుగులోనే పరీక్ష రాయనివ్వండని పండితులతో తగవు పడ్డారు. పిల్లవాడికి రాలేదంటే ముందు తాను నేర్చుకోవలసిందేదో ఉందనుకున్న మనిషి. శిష్యుల మీద నమ్మకమంటే అదీ. ఇవాళైతే ‘రిజల్టు లేదు’ అని ఆయన్నే ఇంటికి పంపేవారు.

పట్టు నగరమని పేరుపడ్డ ఊరు మన బరంపురం. పోగు తెగితే నేతగాడు మగ్గానికి ఉపన్యాసం ఇవ్వడు. వంగి, ముడేసి, మళ్ళీ నేస్తాడు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. అడ్మిషనుకు వెళ్ళినప్పుడు శాతం అడగకండి. తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో పది పరీక్ష ఎంతమంది రాశారు, ఈ రెండు అంకెలే అడగండి. చెప్పకపోతే, చెప్పినట్టే.